8×42 బైనాక్యులర్: ఉప్పుగాలిలో ఆరేళ్లు

మొదట కొన్నది ఇది కాదు. షాపులో 20×50 (ఇరవై రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) చేతికిచ్చి "చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి సార్" అంటే మోజుపడి తెచ్చుకున్నాను. మైపాడు బీచ్‌లో గాలికి చెయ్యి నిలవక పిట్టలన్నీ వణికే చుక్కల్లా కనిపించేవి. ఏడాది తిరక్కుండానే అది అటకెక్కింది.

సెప్టెంబరు చివర్నుంచి తుఫాన్లు మొదలయ్యేలోపు రెండు మూడు ఆదివారాలు ఇంటిల్లిపాదీ పిట్టల్ని చూస్తూ తీరం వెంబడి తిరుగుతాం. ఇస్కపల్లి ఉప్పుమళ్లలో దిగే లిటిల్ స్టింట్ అనే పిట్ట ఉత్తర ధ్రువం అంచుల నుంచి వస్తుంది, సైజుకి మాత్రం పిచ్చుకంతే. గుంపులో దాన్ని దొరకబుచ్చుకోవాలంటే రెట్లు ఎక్కువుండి లాభం లేదు, ఒకేసారి ఎక్కువ మేర కనిపించాలి. ఆ పనికి ఎనిమిది రెట్లు చాలు. ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కావడంతో తెల్లారుజామున కూడా రంగులు తెలుస్తాయి. ఎండెక్కితే మళ్ల మీద గాలి సెగలా ఆడుతుంది. ఇక ఎంత ఖరీదైన అద్దమైనా ఒకటే. తొమ్మిదికల్లా టిఫినుకి వచ్చేస్తాం.

కళ్లజోడున్న అమ్మకి మొదట్లో చుట్టూ నలుపే కనిపించేది. కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పాలని, కుడి కన్నుకి చూపు సరిచేసుకునే వేరే రింగు ఉందని నాకు ఆరు నెలలకి గానీ తెలియలేదు. అవి సరిచేశాక, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద పులికాట్ సరస్సు రాజహంసల్ని (ఫ్లెమింగోల్ని) చూసి "అబ్బయా, వీటికి మోకాలు వెనక్కి వంగతా ఉందేందిరా!" అంది. అది మోకాలు కాదు, చీలమండ. (సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా ఇంట్లో ఇంకా నెల్లూరు లెక్కే.)

లోపాలున్నాయి. తేమ చేరకుండా లోపల నైట్రోజన్ నింపామని పెట్టె మీద రాసినా, రెండో వానాకాలానికే అద్దం లోపలివైపు సాలెగూడులా ఫంగస్ పట్టింది. వారంటీలో రాదన్నారు. బాగుచేయించడానికి కొన్న ధరలో సగం పోయింది. అప్పట్నుంచి స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను. అద్దం మీద గీతలు మాత్రం నా పుణ్యమే. ఉప్పు, ఇసుక ఊదకుండా చొక్కా అంచుతో తుడిచేవాణ్ణి. బరువు కూడా తక్కువేం కాదు. మెడనొప్పి భరించలేక భుజాల మీంచి వేసుకునే పట్టీ కొన్నాను.

ఈ సీజన్‌లోపు రెండోది కొనాలి, మళ్లీ 8×42నే. మావాడూ అమ్మా ఒక్కదాని కోసం లాక్కునేలోపు పిట్ట ఎగిరిపోతోంది.