ఎంటమాలజీలో ఎమ్మెస్సీ: చేరాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

బీఎస్సీ అగ్రికల్చర్ తరువాత ఎంటమాలజీలో, అంటే కీటక శాస్త్రంలో, పీజీ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి, ఆ రెండేళ్ళూ చదివి బయటికి వచ్చిన వ్యక్తిగా నా అంచనా ఇది: ప్రాక్టికల్స్ కోసం ఈ కోర్సు తప్పక చదవదగినది, థియరీ తరగతులు మామూలు, పరిశోధనకు దొరికే గడువు మాత్రం చాలదు. సిలబస్‌కు మూలం భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) నిర్దేశించినదే కనుక ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరినా పేపర్లు పెద్దగా మారవు. మారేవి ప్రయోగశాల, పొలం, గైడు.

విద్యార్థిని నిజంగా ఈ శాస్త్రంలోకి దింపేది కీటకాల వర్గీకరణ ప్రాక్టికల్. పురుగును పట్టి, సూదికి గుచ్చి, ఆరబెట్టి, దొరికిన ఊరు, తేదీ, పట్టినవారి పేరు రాసిన చీటీతో పెట్టెలో అమర్చాలి. పెంకు పురుగుకైతే సూదిని కుడివైపు పెంకులోంచే దించాలి. నడిమి భాగమూ ఎడమ పక్కా చెక్కుచెదరకుండా ఉంటేనే దాన్ని తరువాత గుర్తించగలుగుతాం. బీఎస్సీలో మార్కుల కోసం పెట్టె నింపితే సరిపోయేది. ఇక్కడ ప్రతి నమూనా ఏ కుటుంబానికి చెందినదో, ఏ లక్షణాన్ని బట్టి అలా తేల్చామో ఎదురుగా కూర్చున్న ప్రొఫెసరుకు చెప్పి ఒప్పించాలి. (పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేయడం మరిచిపోతే ఎండిన పురుగులను బతికున్న పురుగులు పొడి చేసి పెడతాయి, ఎంటమాలజీ విభాగంలో ఈ తెగులుకు మాత్రం ఎవరూ నవ్వకుండా ఉండలేరు.)

ఈ శ్రమకు విలువ మిరప తోటలో తెలుస్తుంది. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుంటూరు రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. పై ముడత, కింది ముడత అన్నవి ఆయన మాటలే. అయితే 2021లో మిరప పూతలో గుంపులు గుంపులుగా కనిపించి తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు, ఆకులను ముడిచే పాత తామర పురుగు కాదనీ, త్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరే జాతి అనీ రూఢి చేసుకోవాలంటే కంటిచూపు చాలదు. మిల్లీమీటరు పొడవున్న ఆ పురుగును పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి, లోపలి పదార్థం కరిగి పారదర్శకమయ్యాక, స్లైడు మీద రెక్కలనూ మీసాలనూ విడదీసి పరిచి, మీసాల కణుపులను, రెక్క ఈనెల మీది వెంట్రుకలను లెక్కపెట్టాలి. ఆ నేర్పు చేతికి రావడమే ఈ డిగ్రీ ఇచ్చే అసలు సరుకు అని నా అభిప్రాయం. మా కళాశాలలో మంచి మైక్రోస్కోపులు విద్యార్థుల సంఖ్యకు సరిపోక, ఒకరు చూస్తుంటే ఇద్దరు వెనక నిలబడి నోట్సు రాసుకునే పరిస్థితి ఉండేది. ఇంత విలువైన ప్రాక్టికల్‌కు ఆ లోటు క్షమించరానిది.

పురుగుమందుల విషప్రభావాన్ని కొలిచే టాక్సికాలజీ ప్రాక్టికల్ కూడా బాగుంటుంది, కానీ దానికి ముందు పురుగులను పెంచాలి. పొగాకు లద్దె పురుగు పిల్లలు ఆముదపు ఆకు వేస్తే కలిసిమెలిసి తింటాయి. శనగపచ్చ పురుగు ఒకదాన్నొకటి తినేస్తుంది కనుక ఎదిగే పిల్లకు తలా ఒక గొట్టం ఇవ్వాలి. రోజూ రెట్ట తీసి మేత మార్చాలి, ఆదివారమైనా సంక్రాంతి అయినా సరే. ఎన్‌పీవీ వైరస్ సోకితే లార్వాలు మెత్తబడి తలకిందులుగా వేలాడి చస్తాయి, ప్రయోగానికి పెట్టుకున్న తరమంతా పోతుంది. మందు మోతాదుకూ మరణాలకూ ఉన్న లెక్కను పుస్తకంలో ఒక గంటలో నేర్చుకోవచ్చు. ఆ లెక్కలో వేయడానికి ఒకే వయసున్న ఆరోగ్యవంతమైన పురుగులు కావాలంటే నెలలు పడుతుంది.

ఇక పరిశోధన. మొదటి ఏడాది తరగతులతో, సెమినార్లతో గడిచిపోతుంది. థీసిస్ కోసం మిగిలేది ఒక ఖరీఫ్, మహా అయితే ఒక రబీ. ఏ ఏడాదికి ఆ ఏడాది ఉధృతి మారే పురుగు మీద ఒక్క సీజను లెక్కలతో నిర్ధారణకు రావడం కష్టం. ఆ ఏడు పురుగే రాకపోతే, మందు కొట్టిన మడికీ కొట్టని మడికీ తేడా లేని పట్టికలతో థీసిస్ సమర్పించవలసి వస్తుంది. అందువల్ల గ్లాస్‌హౌస్‌లో చేయగల అంశాలు మేలు. సుడిదోమను తట్టుకునే వరి రకాల పరీక్షనే తీసుకోండి: ట్రేలలో నారు పెంచి, సులువుగా లొంగిపోయే టీఎన్ 1 రకాన్నీ, తట్టుకునే పీటీబీ 33 రకాన్నీ పక్కన పెట్టి, దోమ పిల్లలను వదిలి, టీఎన్ 1 దాదాపు పూర్తిగా మాడిపోయాక మిగతా రకాలకు 0 నుంచి 9 వరకు స్కోరు ఇస్తారు. వాన కోసం, పొలంలో పురుగు రాక కోసం ఎదురుచూసే పని ఉండదు.

వ్యవసాయాధికారి ఉద్యోగమే లక్ష్యమైతే దానికి బీఎస్సీ చాలు, ఈ రెండేళ్ళు వెచ్చించనక్కరలేదు. వ్యవసాయ పరిశోధన సర్వీసు (ఏఆర్ఎస్) పరీక్ష రాసి శాస్త్రవేత్త కావాలనుకునేవారికి, లేదా పురుగుల మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చేరేముందు ర్యాంకులు చూడడం కంటే ఆ విభాగంలోని సీనియర్లను రెండు ప్రశ్నలు అడగడం మంచిది: పురుగులను ఏడాది పొడవునా పెంచే గది పనిచేస్తున్నదా, గైడు తన విద్యార్థితో కలిసి పొలానికి వెళతారా?