205 నుంచి మళ్లీ 185కి: మా స్విఫ్ట్ టైర్ల అనుభవం

మాది 2018 స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ. బండితో వచ్చినవి 185/65 ఆర్15 టైర్లు, అంటే 185 మిల్లీమీటర్ల వెడల్పు, 15 అంగుళాల రిమ్ము. 41 వేల కిలోమీటర్లకి అరిగిపోయాయి. షాపతను "205 వేయించండి సార్, బండి రోడ్డుకి అతుక్కుపోతుంది" అన్నాడు. చూడ్డానికి దిట్టంగా ఉన్నాయని 205/65 వేయించాను.

పదకొండు నెలలు పడ్డాను వాటితో. వెనక ముగ్గురు కూర్చుంటే, స్టీరింగు మొత్తం తిప్పినప్పుడల్లా ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది. మైలేజీ తగ్గింది. అది సర్దుకుపోవచ్చు, వాన సంగతే భయం. హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ సూర్యాపేట దాటాక, నిలిచిన నీళ్ల మీద 80లో స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయింది. వెనక సీట్లో అమ్మ, పాప ఉన్నారు. వెడల్పు టైరు నీటి మీద త్వరగా తేలుతుందని నాకప్పటిదాకా తెలీదు.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. 65 అంటే టైరు పక్క గోడ ఎత్తు, వెడల్పులో 65 శాతం. వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. 185/65 మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్లు, 205/65ది 647. చక్రం ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతోంది, అంటే స్పీడు మీటరు మునుపటికంటే 4 శాతం తక్కువ చూపిస్తోంది. ఇదే కారు కింది మోడళ్లకి 165/80 ఆర్14 వస్తుంది. రిమ్ము చిన్నదైనా టైరు ఎత్తు 620! కంపెనీ ఆ ఎత్తుని ఎంత పట్టుగా కాపాడిందో అప్పుడర్థమైంది.

వెంటనే నాలుగూ మార్చేశాను: ఒకే కంపెనీ, ఒకే మోడల్, 185/65 ఆర్15 88హెచ్. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. షాపులో ముందు తెచ్చిన జత మీద తయారీ అంకెలు చూసి, పాతవని వెనక్కి పంపాను. 1419 అని ఉంటే 2019లో 14వ వారంలో చేసిందని అర్థం. ఈ నాలుగంకెలూ చూడకుండా డబ్బు కట్టకండి.

ఇప్పటికి 46 వేలు తిరిగాయి. రాసుకోవడం లేదు, వానలో బండి నిబ్బరంగా ఉంటోంది. 35 వేల తర్వాత సిమెంటు రోడ్డు మీద మోత పెరిగింది, అదొక్కటే లోటు.

నిరుడు ఒక టైరు పక్క గోడ కోసుకుపోతే రెండు కొత్తవి కొన్నాను. మెకానిక్ ముందుకి వేస్తానన్నాడు, నేను వెనక్కే వేయించాను. ముందు చక్రాలు జారితే యాక్సిలరేటరు వదిలి బండిని కాచుకోవచ్చు. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మనలాంటివాళ్ల చేతికి చిక్కదు. ముందున్న పాత రెండింటికీ గాడి లోతు ఇంకా 3 మిల్లీమీటర్లుంది. 1.6 మిల్లీమీటర్ల అరుగుదల గుర్తు దాకా ఆగను, ఈ వానాకాలం మొదలవకముందే మార్చేస్తాను, మళ్లీ 185/65కే.