గ్రామర్ పుస్తకమా, ఊరికే చదువుకుంటూ పోవడమా: ఇంగ్లీషుకు ఏది మేలు?

ఇంగ్లీషు మెరుగుపడాలంటే కొందరు గ్రామర్ పుస్తకం పట్టమంటారు, ఇంకొందరు రోజూ ఏదో ఒకటి చదవమంటారు. రెండూ చేసి చూశాను. నా ఓటు చదవడానికే. కానీ ఒక్క చోట మాత్రం చదవడం చేతులెత్తేస్తుంది.

తెలుగులోంచి మనకు తెలియకుండా దూరే తప్పుల దగ్గర. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటు కొద్దీ 'వియ్ డిస్కస్డ్ అబౌట్ ఇట్' అనేస్తాం. అక్కడ అబౌట్ రాకూడదు. ఎంత చదివినా ఈ సంగతి తట్టదు. లేని మాట కంటికి ఎలా ఆనుతుంది? నేనైతే ఏళ్ల తరబడి ఆ అబౌట్‌ను తగిలిస్తూనే ఉన్నాను. 'ఎ', 'ది'లదీ ఇదే కథ. తెలుగులో వాటి అవసరమే లేదు కాబట్టి చూపు వాటి మీదుగా జారిపోతుంది. ఇక 'చూశాను' అనే ఒక్క మాటకు అక్కడ 'ఐ సా', 'ఐ హ్యావ్ సీన్' అని రెండున్నాయి. 'యెస్టర్‌డే' ఉంటే రెండోది కుదరదు. పుస్తకం ఈ ముక్క పది నిమిషాల్లో చెప్పేస్తుంది.

అలాగని పుస్తకాన్ని మరీ నమ్మకండి. పైన 'ప్రెజెంట్ పర్ఫెక్ట్' (ఆ 'హ్యావ్ సీన్' లాంటి రూపం) అని రాసి ఉన్న పేజీలో పది ఖాళీలూ కరెక్టుగా నింపడం గొప్పేం కాదు, జవాబు హెడ్డింగులోనే ఉంది. అన్ని టెన్సులూ కలిపి ఇచ్చిన అభ్యాసాలు చేస్తే అసలు రంగు బయటపడుతుంది.

మాటల విషయానికొస్తే, లిస్టు బట్టీ పట్టడం మొదట్లో పనికొస్తుంది. ఇంగ్లీషు బోధన నిపుణుడు మైకేల్ వెస్ట్ 1953లో వేసిన, తరచుగా వాడే మాటల జాబితాలో ఉన్నవి సుమారు 2,000 మాటలు, ఎక్కడ చూసినా అవే తగులుతాయి. అంతవరకు కార్డులు రాసుకుని, రోజులు ఎడం పెంచుకుంటూ తిరగేస్తే చాలు. ఆ తర్వాతే చిక్కు. నవలలూ పేపర్లూ తడుముకోకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని పదాల నేర్పు మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. గో, గోస్, వెంట్ అన్నీ కలిపి ఒక కుటుంబం. అన్ని కార్డులు ఎవరు రాస్తారు?

పైగా లిస్టు ఒక్కో మాటకు ఒక్క అర్థం ఇచ్చి వదిలేస్తుంది. 'వెయిట్' అన్నా 'ఎక్స్‌పెక్ట్' అన్నా 'ఎదురుచూడు' అని నేర్చుకున్నవాళ్లు, బస్సు కోసం 'ఎక్స్‌పెక్టింగ్' అంటారు. మనం తప్పూ చేస్తాం, హోంవర్కూ చేస్తాం. ఇంగ్లీషులో మాత్రం తప్పును 'మేక్' చేయాలి, హోంవర్కును 'డూ' చేయాలి. ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో చదివితేనే ఒంటబడుతుంది.

చదివేది మన స్థాయికి తగ్గట్టుండాలి. 50 మాటలకు ఒకటి తెలియకపోతే ఫర్వాలేదు, సందర్భాన్ని బట్టి ఊహించొచ్చు. వరుసకు రెండు అడ్డుపడుతుంటే మొహమాటపడకుండా ఇంకా తేలికైనది తీసుకోండి. కొత్త మాట తగిలితే నేను దాన్నొక్కదాన్నే రాసుకోను, వాక్యం మొత్తం ఎక్కిస్తాను. ఒకే తప్పు రెండోసారి దొర్లినప్పుడు మాత్రం గ్రామర్ పుస్తకం తెరిచి, ఆ ఒక్క పాఠం చూసి మూసేస్తాను.