బాక్సర్ ఇంజిన్: జీఆర్86 చాలా, పోర్షా దాకా వెళ్లాలా?

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. బాక్సర్ లేదా ఫ్లాట్ ఇంజిన్ (పిస్టన్లు పడుకుని ఎదురెదురుగా కదిలేది) ఉన్న కార్ల పోలిక ఇక్కడ ఈ అంకెతోనే మొదలవ్వాలి. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజిన్‌కి ఈ ఎత్తులో గాలి పదో వంతు తక్కువ అందుతుంది. అంటే 228 హార్స్‌పవర్ అని రాసి ఉన్న టొయోటా జీఆర్86 ఇక్కడ సుమారు 205 ఇస్తుంది. సుబారు బీఆర్‌జడ్‌దీ ఇదే 2.4 లీటర్ల ఎఫ్ఏ24 ఇంజిన్, ఇదే లెక్క. 1,478 మీటర్ల నంది కొండ ఎక్కితే 16 శాతం దాకా పోతుంది. చెన్నై మే నెల ఎండలో, 40 డిగ్రీల్లో, పోయేది 5 శాతమే. చల్లటి ఊళ్లో ఇంజిన్ బాగా లాగుతుందన్న నమ్మకం ఈ కార్ల విషయంలో తలకిందులవుతుంది.

పోర్షా 718 కేమన్‌లోని 1,988 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి ఈ బాధ చాలావరకు లేదు. పల్చటి గాలిని టర్బో కాస్త ఎక్కువ తిరిగి సర్దేస్తుంది. 380 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 1,950 ఆర్‌పీఎం నుంచి 4,500 దాకా నిలకడగా ఉంటుంది. ఎఫ్ఏ24 ఇచ్చేది 250, అదీ 3,700 దగ్గర. సిల్క్ బోర్డు దాటాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు జీఆర్86లో గేరు తగ్గించాలి, 718లో అక్కర్లేదు. మాన్యువల్ గేర్లతో 100 కిలోమీటర్ల వేగానికి కంపెనీ లెక్క ప్రకారం జీఆర్86కి 6.3 సెకన్లు, 718కి 5.1. పాత 2.0 లీటర్ల ఎఫ్ఏ20 దొరికినా జాగ్రత్త: 3,500 నుంచి 4,500 మధ్య టార్క్ పడిపోయి, బండి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.

వైబ్రేషన్ దగ్గర మాత్రం డబ్బు పని చేయదు. ఫ్లాట్ ఫోర్‌లో ఎదురెదురు పిస్టన్ల బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కానీ, అవి క్రాంక్ మీద ఒకే వరుసలో ఉండవు కాబట్టి ఇంజిన్‌ని అటూ ఇటూ ఊపే చిన్న బలం మిగులుతుంది. అది టొయోటాలోనూ ఉంది, 718లోనూ ఉంది. ఆరు సిలిండర్లకి వెళితేనే పోతుంది.

ఆ ఆరు సిలిండర్ల కారే 718 జీటీఎస్ 4.0. టర్బో లేదు, 3,995 సీసీ, 394 హార్స్‌పవర్, 7,800 రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం). ఎఫ్ఏ24తో సరిగ్గా పోల్చాల్సింది దీన్నే. లీటరుకి లెక్కేస్తే ఎఫ్ఏ24 ఇంజిన్ సుమారు 95.5 హార్స్‌పవర్ ఇస్తుంది, జీటీఎస్ సుమారు 98.6 ఇస్తుంది. రెడ్‌లైన్ దగ్గర సగటు పిస్టన్ వేగం చూడండి: 86 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 7,500 తిరిగే ఎఫ్ఏ24లో సెకనుకి 21.5 మీటర్లు, 81.5 స్ట్రోక్ ఉన్న జీటీఎస్‌లో 21.2. లోహాన్ని కష్టపెట్టడంలో చవక ఇంజిన్ ఏమీ వెనకబడలేదు. మరి డబ్బు తేడా ఎక్కడ కనబడుతుంది? నా దృష్టిలో, ఆయిల్ దగ్గర.

ఎఫ్ఏ24ది మామూలు వెట్ సంప్, అంటే ఆయిలంతా ఇంజిన్ అడుగున ఉన్న తొట్టిలోనే (సంప్) నిలవ ఉంటుంది. ట్రాక్ టైర్లు వేసి కుడి మలుపుని వేగంగా, ఎక్కువసేపు పట్టి తిప్పితే ఆయిల్ ఎడమ హెడ్ (సిలిండర్ల మూత) వైపు చేరి అక్కడే ఉండిపోతుంది. పికప్ గొట్టానికి ఆయిల్ అందక ప్రెషర్ పడిపోతుంది. బేరింగులు పోయేది ఇలాగే. దీనికి తోడు, ఫ్యాక్టరీలో ఎక్కువైన సిలికాన్ సీలెంట్ ముక్కలు ఊడి స్ట్రెయినర్‌కి (పికప్ గొట్టం జల్లెడకి) అడ్డం పడిన సందర్భాలున్నాయి. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లేముందు సంప్ దించి స్ట్రెయినర్ చూడాలి. తిరిగి బిగించేటప్పుడు రెండు ముఖాలూ పూర్తిగా గీకి శుభ్రం చేసి, సీలెంట్‌ని సన్నటి గీతలా వేసి, ఆరేదాకా ఆయిల్ పోయకూడదు. ఆయిల్ మ్యాక్స్ గీతకి తగ్గకూడదు. ట్రాక్‌కి 0డబ్ల్యూ-20 ఆయిల్ బదులు చిక్కటి 5డబ్ల్యూ-30, ఆయిల్ కూలర్, విడిగా ప్రెషర్ గేజ్ పెట్టించుకోవాలి. గేజ్ లేకపోతే ప్రెషర్ పడిన సంగతి ఇంజిన్ శబ్దం మారాకే తెలుస్తుంది.

పోర్షా ఇంజిన్లలో హెడ్‌ల నుంచి ఆయిల్‌ని లాగి సంప్‌లోకి పంపే పంపులు వేరేగా ఉంటాయి. అందుకే కొత్తగా ఏదీ బిగించకుండానే ట్రాక్ మీద నిబ్బరంగా నడపొచ్చు.

చవక ఇంజిన్ గెలిచేచోటు కూడా ఒకటుంది. ఎఫ్ఏ24లో డైరెక్ట్ ఇంజెక్షన్‌తో (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి) పాటు పోర్ట్ ఇంజెక్షన్ (వాల్వుకి ముందే, గాలి దారిలోకి) ఉంది. పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులని కడుగుతూ ఉంటుంది. 718లో ఆ సౌకర్యం లేదు, కిలోమీటర్లు పెరిగేకొద్దీ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. నగరం ట్రాఫిక్‌లో మరీను. ప్లగ్గులు మాత్రం జీఆర్86లో పక్క ఛాసిస్ రైలుకి (బండి చట్రం దూలానికి) ఎదురుగా ఉంటాయి. చెయ్యి దూరదు, లేబర్ ఖర్చు ఎక్కువ.

పెట్రోలు: 12.5:1 కంప్రెషన్ (ఇంజిన్ గాలిని నొక్కే నిష్పత్తి) ఎక్కువ కాబట్టి జీఆర్86కి ఇండియన్ ఆయిల్ వారి 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పి100 దొరికితే మేలు. తక్కువ ఆక్టేన్ పోస్తే నాకింగ్ (పెట్రోలు వేళకి ముందే పేలడం) ఆపడానికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, ఎత్తు వల్ల తగ్గిన పవర్ ఇంకా తగ్గుతుంది.

బిడదిలో టొయోటా ప్లాంట్ ఉన్నా జీఆర్86ని ఇక్కడ అమ్మరు. సొంతంగా దిగుమతి చేసుకుంటే సుంకం, పన్నులు కలిసి 'చవక' అన్న మాటని మింగేస్తాయి. ఆ డబ్బుకి బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ 718 టర్బో నయం. చెన్నైలో ఉండి, నెలనెలా ట్రాక్‌కి వెళ్తూ, ఆయిల్ పనులన్నీ చేయించే ఓపిక ఉన్నవారికి జీఆర్86 సరైన బండి. పెట్రోల్ 718 తయారీ 2025లో ఆగింది కాబట్టి జీటీఎస్ 4.0 దొరికితే వదలొద్దు. 2009 మోడల్‌కి ముందరి పోర్షా బాక్‌స్టర్, కేమన్ చవగ్గా కనబడితే ముందు ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టుని మోసేది) సంగతి, మార్చి ఉంటే రసీదు అడగండి. 2009 మోడళ్ల నుంచి వచ్చిన ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు.