పదును పెట్టడానికి సానరాయా, గ్రైండర్ చక్రమా?

వంటింటి కత్తికైతే నా ఓటు సానరాయికే. 1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) రాయిని నీళ్లతో తడిపి, కత్తిని ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టి రుద్దితే చాలు, రోజువారీ పనికి సరిపడా పదును వస్తుంది. అంచుకు అవతలి వైపు సన్నటి లోహపు పొర లేచి వేలికి గరుగ్గా తగలాలి. అది మొన నుంచి పిడి దాకా వచ్చాకే కత్తిని తిప్పాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. కోణం మారకుండా పట్టుకోవడం చేతికి అలవాటయ్యే వరకూ కొంత ఓపిక కావాలి, కానీ రాయి మీద ఉక్కు వేడెక్కదు, అనవసరంగా అరగదు.

గ్రైండర్‌తో అసలు భయం వేడే. పల్చటి అంచు క్షణాల్లో కాలిపోతుంది. ఉక్కు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ తగిలినట్టే. గట్టిదనం పోయిన ఆ అంచు ఎంత సాన పట్టినా నిలవదు. ఆ భాగం మొత్తం అరగదీయాల్సిందే. అందుకే అనుభవమున్నవాళ్లు మాటిమాటికీ నీళ్లలో ముంచుతారు, లేదా నెమ్మదిగా తిరిగే తడి చక్రం వాడతారు.

అయితే అంచు విరిగిన గొడ్డలి, బాగా పెచ్చులూడిన ఉలి రాయి మీద బాగుపడవు. వాటికి ముందు చక్రమే కావాలి, ఉలికి ఆఖరి నునుపు మళ్లీ రాయి మీదే. పార, తోటపారలకు రెండూ వద్దు, ఆకురాయి చాలు. కత్తెరను మాత్రం పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. లోపలి ముఖాలు అరిగితే రెండు రేకులూ సరిగ్గా కలవవు.