ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా చూసి పాత మైక్ ప్రీయాంప్ బోర్డులు కొనకండి

పోయిన నెల చిత్తూరులో పాత సామాన్లు అమ్మే ఒకతని దగ్గర నాలుగు ప్రీయాంప్ బోర్డులు, అంటే మైక్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచేవి, కొన్నాను. 14,000 రూపాయలు పోయాయి. మిగిలిన బోర్డుల ఫొటోలు అతను మళ్లీ పెట్టాడు, మన తిరుపతి కుర్రాళ్లే ధర అడుగుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. అతని పేరు ఇక్కడ వద్దు, సరుకును గుర్తుపడితే చాలు.

మా అత్త అన్నమయ్య కీర్తనలు పాడుతుంది. ఆమె గొంతును ఇంట్లోనే రికార్డు చేయాలని, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత ప్రీయాంప్ కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. అతను ఫోన్‌లో, 'అన్నా, చెన్నైలో మూసేసిన స్టూడియో నుంచి వచ్చినవి, నీవ్ 1073 బోర్డులు' అన్నాడు. నీవ్ 1073 అంటే ఇంగ్లండ్‌లో తయారైన, బాగా పేరున్న స్టూడియో ప్రీయాంప్. నేను ఆ మాటకే పడిపోయాను. వెళ్లి చూస్తే ఆకుపచ్చ బోర్డు, దాని మీద ఒక మూల చతురస్రంగా లోహపు డబ్బా. అయస్కాంతం తీసి దాని మీద పెట్టి, 'అంటుకుంది చూడన్నా, మ్యూమెటల్' అన్నాడు. మ్యూమెటల్ అంటే బయటి హమ్ లోపలికి రాకుండా మంచి ట్రాన్స్‌ఫార్మర్లకు తొడిగే నికెల్ మిశ్రమ లోహం. డబ్బులు ఇచ్చేశాను.

అయస్కాంతం మామూలు రేకు డబ్బాకు కూడా అంటుకుంటుంది. దాంతో మ్యూమెటల్ అని తేలదు. ఈ ఒక్క సంగతి ఆ రోజు గుర్తొచ్చి ఉంటే నా డబ్బు మిగిలేది.

ఇంటికొచ్చాక వరసగా బయటపడ్డాయి. నీవ్ 1073 వచ్చింది 1970లో. అందులో బీఏ283 అనే కార్డు ఉంటుంది, 24 వోల్టులతో నడుస్తుంది. మైక్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆ కార్డు మీద ఉండదు, మాడ్యూల్ ఫ్రేముకు విడిగా బిగించి ఉంటుంది. నేను కొన్న వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ బోర్డుకే అంటించి ఉంది. పైగా రెండు బోర్డుల మీద 741 అనే ఐసీలు (చిప్‌లు) ఉన్నాయి. 1073లో ఐసీలు ఉండవు, అన్నీ విడి ట్రాన్సిస్టర్లే. ఆ ఐసీల మీద 8417 అని ఉంది, అంటే 1984లో 17వ వారం. ఈ నాలుగు అంకెల్లో మొదటి రెండు ఏడాది, తర్వాతి రెండు వారం. అమ్మేవాడు ఎంత పాతదని చెప్పినా ముందు ఈ అంకెలు చూడండి.

మా వీధిలో రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. డబ్బా అంచు చూడగానే, 'అబ్బాయ్, ఈ టంకం కొత్తది' అన్నారు. నిజమే, బోర్డు మీద టంకమంతా మసకబారి ఉంటే మూత చుట్టూ మాత్రం తళతళలాడుతోంది. మూత ఊడదీస్తే లోపల టెలిఫోన్ లైన్లలో వాడే 600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

మూత తీయకుండానే దీన్ని తేల్చుకోవచ్చు. మైక్ ట్రాన్స్‌ఫార్మర్ పని మైక్ నుంచి వచ్చే చిన్న వోల్టేజీని పెంచడం. 1:10 నిష్పత్తి ఉంటే వోల్టేజీ పది రెట్లు, అంటే 20 డెసిబెల్‌లు పెరుగుతుంది. 150 ఓమ్‌ల మైక్ అవతలి వైపుకు 15,000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి 400 హెర్ట్జ్ టోన్ తీసి మైక్ వైపు 50 మిల్లీవోల్టులు ఇవ్వండి. 1:10 అయితే రెండో వైపు 500 దగ్గర రావాలి. నాకు 49 వచ్చింది, అంటే అది వోల్టేజీని పెంచడమే లేదు. మీటర్‌కు ఏసీ మిల్లీవోల్ట్ రేంజ్ తప్పనిసరి, ఏసీలో 200 వోల్టుల నుంచి మొదలయ్యే చవక మీటర్ దీనికి పనికిరాదు. టోన్ 400 దగ్గరే ఉంచండి, అంతకు బాగా పైకి పోతే మామూలు మీటర్లు తప్పు చూపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌ను (లోపలి తీగ చుట్టను) ఓమ్స్ రేంజ్‌లో చూడకండి. మీటర్ పంపే డీసీ కరెంటుకు నికెల్ కోర్ కొంత అయస్కాంతంలా మారిపోవచ్చు.

మిగతా రెండు బోర్డుల దగ్గర నాకు ఇంకో దెబ్బ తగిలింది. వాటి మీద ఏసీ128 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. పేరు ఏసీతో మొదలైతే జెర్మేనియం, బీసీతో మొదలైతే సిలికాన్. జెర్మేనియం పీఎన్‌పీ (ట్రాన్సిస్టర్లలో ఒక రకం) బోర్డుల్లో చాలా వాటికి ప్లస్సే ఎర్త్. అమ్మినవాడు 24 వోల్టులు అన్నాడని నేను మామూలుగా మైనస్‌ను ఎర్త్‌కు కలిపి సప్లై ఇచ్చాను. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ పోయాయి. సప్లై కెపాసిటర్ ప్లస్ కాలు ఏ పట్టీకి పోయిందో ముందే చూసి ఉంటే తెలిసేది. మీరు మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సప్లై తీగకు వరసలో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, తప్పు కలిపినా బోర్డు బతికే అవకాశం ఉంటుంది. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎలాగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో కలిపి చూసుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే, 'మేం అమ్మేది స్క్రాప్ అన్నా, గ్యారంటీ ఉండదు' అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. స్టూడియో సరుకని చెప్పి డబ్బు తీసుకుని తర్వాత స్క్రాప్ అనడం మోసమే. నేను నోట్లు ఇచ్చాను కాబట్టి చేతిలో ఒక్క ఆధారం లేదు. మీరు ఫోన్‌లో డబ్బు పంపి మోసపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అమ్మేవాడు చెప్పిన మాటలు ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

ఆ 600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ బాగానే ఉన్నాయి. మైక్ సెట్‌లో మిక్సర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య గుయ్యిమనే హమ్ వస్తుంటే, మధ్యలో ఒకటి పెడితే ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు తీగల ద్వారా కలిసి ఏర్పడే చుట్టు) తెగిపోతుంది. మా వీధి రామాలయంలో ఒకటి పెట్టాను, హమ్ పోయింది. కానీ అలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌కు జతకు 7,000 పెట్టే పనిలేదు.

అతను ఇప్పుడు పెట్టిన ఫొటోల్లో బోర్డు పైభాగమే కనిపిస్తోంది. ఎవరైనా అడుగుతుంటే అడుగుభాగం ఫొటో, మూత అంచు దగ్గరి నుంచి తీసిన ఫొటో, 400 హెర్ట్జ్ దగ్గర రెండు వైపులా మీటర్ రీడింగ్ వీడియో, ఈ మూడూ అడగండి. కావాలంటే మీటర్ తీసుకుని చిత్తూరుకు మీతో నేనే వస్తాను.