లారీ ఫ్యాన్ ఊరికే మోగుతుంటే: విస్కస్ క్లచ్‌తో ఆరేళ్ల నా అనుభవం

మాది బంగారుపాళ్యం. 2019లో పది చక్రాల లారీ కొన్నాను, బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) బండి. మామిడి సీజన్‌లో గుజ్జు డ్రమ్ములు చెన్నై హార్బరుకు, మిగతా నెలల్లో బెంగళూరు వైపు ఏ లోడు దొరికితే అది. ఇప్పటికి నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. చెప్పాల్సింది దాని కూలింగ్ ఫ్యాన్ గురించి. దాని విషయంలో తొందరపడి డబ్బు పోగొట్టుకున్నాను, తర్వాత చాలా నేర్చుకున్నాను.

మొదటి మూడేళ్లు ఆ ఫ్యాన్ చప్పుడు మొగిలి ఘాట్‌లో తప్ప వినలేదు. ఆ ఘాట్ ఎక్కితే వచ్చే పలమనేరు, చిత్తూరు కంటే మూడొందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. నిండు లోడుతో ఎక్కేటప్పుడు గాలివాన వచ్చినట్టు ఒక్కసారిగా హోరు మొదలయ్యేది. పైకి చేరాక కాసేపటికి ఆగిపోయేది. విస్కస్ ఫ్యాన్ పని చేయాల్సిన తీరు అదే. దాని క్లచ్ లోపల చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. ముందు భాగంలో చుట్టగా ఒక లోహపు పట్టీ ఉంటుంది. రేడియేటర్ లోంచి వచ్చే గాలి వేడెక్కితే ఆ పట్టీ మెలితిరిగి లోపలి వాల్వు తెరుస్తుంది, నూనె పని చేసే గదిలోకి వెళ్లి ఫ్యాన్‌ను ఇంజిన్‌తో కలిపి తిప్పుతుంది. గాలి చల్లబడితే మళ్లీ వదిలేస్తుంది.

2022 ఎండాకాలంలో కథ మారింది. రాణిపేట దాటాక చదును రోడ్డు మీద కూడా హోరు. తెల్లవారుజామున చల్లగాలిలో కూడా హోరు. పది నిమిషాలు ఆగితే పది నిమిషాలు మోగేది. లీటరుకు 4.2 వచ్చే మైలేజి 3.8కి పడింది. ఫ్యాన్ తినే శక్తి తక్కువేం కాదు. దాని వేగం రెట్టింపైతే దానికి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అదంతా మన డీజిలే. కిరాయి అంతే, డీజిల్ ఖర్చు పెరిగింది, నాకు నిద్ర పట్టని టెన్షన్.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే వినగానే "క్లచ్ పట్టేసింది, మార్చాల్సిందే" అన్నారు. లేబరుతో కలిపి 14 వేలు అయింది. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది. మూడో రోజు మళ్లీ అదే హోరు. ఇంకొకాయన క్లచ్‌కు బోల్టులు కొట్టి డైరెక్ట్ చేసేస్తే గొడవ ఉండదన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది, డీజిల్ పోతుంది, బెల్టు మీదా బేరింగ్ మీదా భారం పడుతుంది.

చివరికి తిరుపతిలో రేడియేటర్ పనులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. క్యాబిన్ లేపి, టార్చి పట్టుకుని చాలాసేపు లోపలికి చూసి, "ఫ్యాన్ మార్చినావు గానీ, దాని ముందరుండే గోడ అట్లనే ఉండాది కదప్పా" అన్నాడు. రేడియేటర్ ముందుండే ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి పోయే టర్బో గాలిని చల్లబరిచేది) విప్పి పక్కకు జరిపితే నా నోట మాట రాలేదు. ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, గడ్డి నూగు, పురుగులు కలిసి కంబళిలా అంటుకుపోయి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే మాత్రం అంతా శుభ్రంగానే కనిపించేది.

దానికి కారణం కూడా నేనే. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌తో ముందు నుంచి కొట్టించేవాణ్ని. ముందున్న చెత్త లోపలికి వెళ్లి రెండింటి మధ్య చిక్కుకునేది. పైగా ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులై సన్నగా నూనె తడి కారుతోంది, దుమ్మంతా దానికే పట్టుకుంది. గాలి సరిగ్గా దూరక రేడియేటర్ వేడెక్కుతోంది, ఆ వేడికి ఫ్యాన్ పదే పదే లేస్తోంది. ఫ్యాన్ అంత కష్టపడుతోంది కాబట్టే మీటర్‌లో ముల్లు పైకి పోలేదు. ముల్లు మామూలుగా ఉందని నేను రేడియేటర్ వైపు చూడనే లేదు.

ఆయన కడిగిన పద్ధతి ఇప్పటికీ పాటిస్తున్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఫ్యాన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో, నీళ్లు నేరుగా పడేలా. పక్కవాటుగా గట్టిగా కొడితే రేడియేటర్ మీదుండే పలుచటి రేకులు (ఫిన్లు) వంగిపోతాయి. క్లిప్పు మార్చాడు, ఫ్యాన్ చుట్టూ ఉండే కవరుకు ఊడిపోయిన రబ్బరు పట్టీ వేశాడు. అది లేకపోతే వేడి గాలి వెనక్కి తిరిగి మళ్లీ రేడియేటర్‌లోకే వస్తుంది. బోరు నీళ్లు పోయడం మాన్పించాడు. మా వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పడుతుంది, అదే పొర రేడియేటర్ గొట్టాల లోపల కూడా పడుతుంది. అప్పటి నుంచి కంపెనీ చెప్పిన కూలెంట్, శుద్ధి చేసిన నీళ్లు. మైలేజి 4.1కి వచ్చింది.

ఒక భయం మాత్రం అనవసరం. రాత్రంతా ఆపిన బండిని పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు ఫ్యాన్ హోరెత్తితే అది జబ్బు కాదు. ఆగి ఉన్నప్పుడు నూనె పని చేసే గదిలోకి చేరి ఉంటుంది, తిరిగేకొద్దీ వెనక్కి పోతుంది.

ఆ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్ల సంగతి కొంచెం వేరు. చాలా వాటిలో ఫ్యాన్‌కు ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరు. కూలెంట్ వేడి ఒక్కటే కాదు, ఏసీ గ్యాస్ ప్రెషర్ పెరిగినా ఫ్యాన్‌ను పిలుస్తుంది. మా బావమరిది బండిలో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే చూశాం, మండీలో ఆపినప్పుడు ఎలుక క్లచ్ వైరు కొరికింది. సిగ్నల్ తెగిపోతే ఇంజిన్ కాలిపోకుండా ఫ్యాన్ పూర్తిగా తిరిగేలా తయారు చేశారట. అలాంటి బండికి ముందు వైర్లు, సెన్సార్ కనెక్టర్లు చూపించండి.

క్లచ్ నిజంగా పోయిందో లేదో తెలుసుకోవడానికి ఆ పెద్దాయన చూపించిన పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకుని, చల్లారాక చేత్తో ఫ్యాన్ తిప్పాలి. కొంచెం బిగువుగా తిరిగితే మంచిదే. తోయగానే గిరగిరా తిరుగుతూ పోతే నూనె పోయినట్టు. అసలు కదలకపోతే పట్టేసినట్టు. బేరింగ్ చుట్టూ నూనె చారలు ఉన్నాయేమో కూడా చూడాలి.

వర్క్‌షాపు వాళ్లు తీసేసిన నా పాత క్లచ్‌ను ఆయన చేతికిచ్చాను. తిప్పి చూసి, "దీనికేం కాలేదు నాయనా" అన్నాడు. మూడేళ్లుగా అది మా షెడ్డులో ఉంది. బండికి బిగించినట్టే నిలువుగా నిలబెట్టి ఉంచాను, పడుకోబెడితే నూనె కారిపోతుంది. కొత్తది పాడైన రోజున దాన్నే బిగిస్తాను.